మధ్యవర్తి మింగేసిన మాటలు

'ఙ' అనే అక్షరాన్ని మీరు చివరిసారి ఎప్పుడు రాశారు? పలక మీద దిద్దినప్పుడే కదూ! క ఖ గ ఘ ల తర్వాత బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుని ఉంటుంది. దాంతో మొదలయ్యే తెలుగు మాట మాత్రం మచ్చుకి ఒక్కటి కూడా కనబడదు. చ ఛ జ ఝ ల చివర ఉండే 'ఞ' కాస్త నయం. జ్ఞానంలో ఒత్తుగా దాక్కుని బతుకు వెళ్లదీస్తోంది.

ఈ ఇద్దరు నిరుద్యోగులకీ కడుపునిండా పని పెట్టే దేశం ఒకటుంది. అది వియత్నాం. అక్కడ ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురిది ఒకటే ఇంటిపేరు. ఇంగ్లిషు పత్రికల్లో చూసి మనవాళ్లు దాన్ని న్గుయెన్ అనీ, నుయెన్ అనీ రాస్తుంటారు. ఇంగ్లిషువాళ్ల మాటల మొదట్లో ఆ శబ్దం రాదు కాబట్టి వాళ్ల తిప్పలు వాళ్లవి. మనకేం ఖర్మ? 'ఙుయెన్' అని రాసేస్తే సరి. అలాగే వాళ్ల భాషలో ఇల్లంటే 'ఞా'. ఇన్నాళ్లూ ఉత్తినే మోసిన అక్షరాలు ఎక్కడో ఒకచోట అక్కరకొచ్చాయి.

పేర్ల దగ్గర ఇంకో ముచ్చటుంది. వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర. 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సేనల్ని చిత్తుచేసిన సేనాని పేరు వో ఙుయెన్ జాప్. ఇందులో 'వో' ఇంటిపేరు. లోకమంతా ఆయన్ని జనరల్ జాప్ అంది గానీ జనరల్ వో అనలేదు. మన పింగళి వెంకయ్యగారిని వెంకయ్యగారు అంటాం తప్ప పింగళిగారు అని పిలిస్తే ఆ ఇంట్లోవాళ్లందరూ పలుకుతారు. అయినా ఏ దరఖాస్తు చూడండి, ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు ఉంటాయి. వరసలో ముందున్నది మొదటి గడిలో పెడితే ఇంటిపేరు కాస్తా పిలుపు పేరయి కూర్చుంటుంది. అమెరికాలో మన పిల్లలకీ ఇదే గొడవ, వియత్నాం పిల్లలకీ ఇదే గొడవ. ఆ గళ్లు గీసినవాడి భాషలో పేరు ముందు, వంశం వెనక. లోకమంతా అలాగే ఉంటుందని అనుకున్నాడు పాపం.

ఇప్పుడీ వియత్నాం గోల ఎందుకంటారా? మా మణికొండ మహిమ. గ్రామపంచాయతీగా ఉండి 2018లో మునిసిపాలిటీ అయిన ఈ ఊళ్లో సాఫ్ట్‌వేరు వాళ్లు లేని మెట్ల వరస ఉండదు. మా పై అంతస్తు కుర్రాడి ఉద్యోగం చిత్రమైంది. ఒక మొబైల్ ఆప్‌ని ఇంగ్లిషులో తయారుచేసి ఇరవై చిల్లర భాషల్లోకి మారుస్తారు. ఆ మార్చిన మాటల మీద ఏ దేశం నుంచి ఏ ఫిర్యాదు వచ్చిందో వరసగా రాసి పెట్టుకోవడం ఇతని పని. ఆ జాబితాలో తెలుగు ఫిర్యాదుల్నీ, వియత్నామీస్ ఫిర్యాదుల్నీ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయని ఒకరోజు నాతో అన్నాడు. 'రెండు భాషలకీ చుట్టరికం ఏమైనా ఉందా అంకుల్?' అని అడిగాడు.

చుట్టరికం లేదు. మనది ద్రావిడ కుటుంబం, వాళ్లది ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం. ఆ లెక్కన వాళ్లకి దూరపు చుట్టాలు మన సవరలే, మనం కాదు. శ్రీకాకుళం కొండల్లో వినిపించే సవర భాష ముండా శాఖది, ఆ శాఖ ఉన్నది ఆ కుటుంబంలోనే. మరి ఫిర్యాదులు ఒకేలా ఎందుకున్నాయి? రెండు భాషలకీ మధ్యలో ఉన్న పెద్దమనిషి ఒకడే కాబట్టి. ఆ పెద్దమనిషి ఇంగ్లిషు.

ఆ అంకుల్ ఎవరు?

ఆ కుర్రాడు నన్ను అంకుల్ అన్నాడు చూశారా, అక్కణ్నుంచే మొదలుపెడదాం. నాన్నగారి అన్న పెదనాన్న. నాన్నగారి తమ్ముడు బాబాయి. తెలంగాణలో కాక, చిన్నాయన. అమ్మ తోడబుట్టినవాడు మేనమామ. ఇంగ్లిషులో ముగ్గురూ అంకులే. వియత్నాంలో? 'బాక్' అంటే నాన్నకి అన్న. 'చూ' అంటే తమ్ముడు. 'కౌ' అంటే అమ్మ తోడబుట్టినవాడు. 'కో' మేనత్త, 'జీ' పిన్ని. దక్షిణాదివాళ్లు అదే మాటని 'యీ' అంటారు. గడికి గడి, మన పట్టికా వాళ్ల పట్టికా ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు సరిపోతాయి.

హోచిమిన్‌ని వాళ్ల దేశంలో చిన్నా పెద్దా 'బాక్ హో' అంటారు. ఇంగ్లిషువాళ్లు దాన్ని అంకుల్ హో అన్నారు. మనమూ వాళ్ల వెనకే అంకుల్ హో అన్నాం. నిజానికి ఆయన పెదనాన్న. నాన్నకంటే పెద్దవాడు, ఇంటికి పెద్దదిక్కు అన్న గౌరవం ఆ 'బాక్' అనే ఒక్క మాటలో ఉంది. మన నెహ్రూగారిని హిందీలో చాచా అన్నారు. చాచా అంటే నాన్నకి తమ్ముడు, బాబాయి. 1958 ఫిబ్రవరిలో హోచిమిన్ మన దేశం వచ్చినప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఇంగ్లిషు కంటికి ఇద్దరు అంకుళ్లు. అసలు లెక్కలో ఒకరు పెదనాన్న, ఒకరు బాబాయి. తమాషా ఏమిటంటే, వయసు చూస్తే బాబాయే పెద్ద! నెహ్రూ పుట్టింది 1889లో, హోచిమిన్ పుట్టింది 1890లో.

(ఇంటిపేరుతో పిలవరని ఇందాక చెప్పాను కదా, 'హో' ఇంటిపేరే. అదీ ఆయన పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యమంలో పెట్టుకున్న పేరు. పుట్టింటి పేరు మళ్లీ ఙుయెనే. జాతి మొత్తం ఇంటిపేరుతో గౌరవించుకున్న అరుదైన మనిషి. నియమానికి ఇదొక మినహాయింపు.)

పట్టిక సరిపోయింది కదా అని మాటకి మాట దించేస్తే మాత్రం కొంప మునుగుతుంది. ఎందుకంటే వియత్నాంలో ఈ వరసలే సర్వనామాలు. 'నువ్వు', 'నేను' అని విడిగా వాడేది తక్కువ. అవతలి మనిషి వయసుని బట్టి ఆయన అన్నో, బాబాయో, తాతో అవుతాడు. మాట్లాడేవాడు తన్ను తాను తమ్ముడనో, మనవడనో చెప్పుకుంటాడు. మనమూ కూరగాయలమ్మే మనిషిని అక్కా అంటాం, ఆటో అతన్ని అన్నా అంటాం. కానీ తాతగారి ముందు నిలబడ్డా, మనవడి ముందు నిలబడ్డా మన 'నేను' మాత్రం నేనే. వాళ్ల 'నేను' మనిషి మనిషికీ మారుతుంది. తాత దగ్గర 'చావ్' అంటే మనవడు, అన్న దగ్గర 'ఎమ్' అంటే తమ్ముడో చెల్లో. ఎవరితోనూ వరస కలుపుకోని పొడి 'నేను' ఒకటుంది, 'తోయ్' అని. ఆఫీసు కాగితాల్లో బాగుంటుంది. ఇంట్లో వాడితే మొహం మీద తలుపేసినట్టుంటుంది.

భార్యాభర్తల సంగతి చూడండి. మొగుణ్ని 'ఆఞ్' అంటుంది, అంటే అన్న. పెళ్లాన్ని 'ఎమ్' అంటాడు, అంటే చెల్లి. ఇది మనకి మింగుడుపడుతుందా? వాళ్ల ప్రేమపాటల నిండా ఈ అన్నాచెల్లెళ్లే. నిఘంటువు పక్కన పెట్టుకుని తెలుగు చేస్తే సినిమాహాల్లో కుర్చీలు విరుగుతాయి. ఇక్కడ మనకి 'బావ' ఉన్నాడు. వయసులో పెద్ద, చనువున్నవాడు, వరసైనవాడు. ఇంగ్లిషుకి ఆ భాగ్యం లేదు, దానికి డార్లింగ్ తప్ప దిక్కులేదు. 'ఆఞ్' అన్న మాటని బావ అనొచ్చా కూడదా అన్నది తెలుగు అనువాదకుడు తేల్చుకోవాల్సిన విషయం. అది తేల్చుకోవాలంటే ఆ మాట అతని దాకా రావాలి కదా! మధ్యలో అది 'యు' అయిపోయాక తేల్చుకోడానికి మిగిలేదేముంది?

కథల్లో అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. వాళ్ల నవలలో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటారు. అంతవరకూ ఆఞ్, ఎమ్ అనుకున్న మనుషులు హఠాత్తుగా 'తోయ్' అనడం మొదలెడతారు. కేకల్లేవు, పళ్లెం విసరడాల్లేవు. సర్వనామం మారింది, కాపురం బీటవారింది. అచ్చం మన ఇళ్లలో 'నువ్వు' అనే మనిషి 'తమరి దయ' అన్నట్టే. ఇంగ్లిషులో చదివినవాడికి ఐ, యు తప్ప ఏమీ కనబడవు. గొడవ ఎప్పుడు మొదలైందో తెలీక వెనక్కి పేజీలు తిప్పుకుంటాడు.

మనమా, మేమా?

'ఖర్చు మనం భరిస్తాం', 'ఖర్చు మేం భరిస్తాం'. తేడా ఎంతో, చెల్లించాల్సినవాడిని అడగండి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి లాంటి భాషావేత్తలు ఈ మనం, మేము తేడాని మూలద్రావిడం నాటి ఆస్తిగా లెక్కగట్టారు. మా మణికొండకి కూతవేటు దూరంలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి 1986 నుంచి 1993 దాకా ఆయనే ఉపాధ్యక్షులు. ఆ ఆస్తి హిందీకి లేదు, ఇంగ్లిషుకి లేదు. వియత్నామీస్‌కి ఉంది! 'చుంగ్ తా' అంటే మనం. 'చుంగ్ తోయ్' అంటే మేము. హనోయి నుంచి 'చుంగ్ తోయ్' అని స్పష్టంగా రాసిన ఉత్తరం ఇంగ్లిషులో 'వుయ్' అయి, హైదరాబాద్‌లో 'మనం' అయి దిగితే, రెండువైపులా నిజాయితీపరులే ఉన్నా తగువు ఖాయం.

ఇంకో చిన్న ఆస్తి 'అండి'. వచ్చానండి, లేదండి, అక్కడేనండి. ఈ అండికి ఇంగ్లిషు ఏమిటి? సర్ కాదు, ప్లీజ్ కాదు. వియత్నాంవాళ్లు వాక్యం చివర గొంతు దించి ఒక చిన్న 'ఆ' తగిలిస్తారు. అదే వాళ్ల అండి. పెద్దవాళ్లతో మాట్లాడే పిల్లవాడు ఆ 'ఆ' మరిచిపోతే తల్లి గుడ్లురుముతుంది. సమవయస్కులకీ చిన్నవాళ్లకీ 'ఊఁ' కొట్టినట్టు ఒక మాటుంది, పెద్దల దగ్గర అది పనికిరాదు. మన ఇళ్లలోనూ 'ఊఁ ఏమిట్రా, నోరు తెరిచి చెప్పు' అనడం లేదూ? ఇంగ్లిషులోకి వెళ్లేటప్పుడు 'ఊఁ'లూ, 'అవునండి'లూ అన్నీ 'ఎస్' అయిపోతాయి.

ఈ 'ఎస్' ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. 'పొద్దున మందు వేసుకోలేదా?' అని డాక్టరు అడిగితే మనవాళ్లు 'అవునండి' అంటారు. వేసుకోలేదన్న మీ మాట నిజమే అని దాని అర్థం. వియత్నాంవాళ్లూ అంతే, అడిగినదాన్ని ఒప్పుకుంటున్నామని తలూపుతారు. ఇంగ్లిషు పద్ధతిలో అక్కడ 'నో' అనాలి. మధ్యలో ఉన్న దుబాసీ 'ఎస్' అని ఊరుకుంటే డాక్టరు వేసుకున్నాడని రాసుకునే ప్రమాదం ఉంది. వాళ్ల దగ్గర దీనికో చక్కటి విరుగుడు కూడా ఉంది. 'ఖోంగ్' అంటే లేదు. 'చువా' అంటే ఇంకా లేదు. పెళ్లయిందా అని అడిగితే 'ఖోంగ్' అనకూడదు, 'చువా' అనాలి. మన పెళ్లికాని పిల్లల చేత 'ఇంకా లేదండి' అనిపించే పెద్దవాళ్లకి ఈ ఏర్పాటు చాలా నచ్చుతుంది.

ఒక్క రైస్, ఎనిమిది మాటలు

అన్నిటికంటే నా మనసుకి పట్టింది వరి దగ్గరి మాటలు. నారు, వరి, వడ్లు, బియ్యం, నూకలు, తౌడు, ఊక, అన్నం. పొలం నుంచి పళ్లెం దాకా ఒకే గింజ ఎన్ని పేర్లు మార్చుకుంటుందో చూడండి. ఇప్పుడు వియత్నాం వరస వినండి. నారు 'మా', వరి 'లువా', వడ్లు 'థోక్', బియ్యం 'గావ్', నూకలు 'తమ్', తౌడు 'కామ్', ఊక 'ట్రౌ', అన్నం 'కమ్'. ఒక్క గింజ కూడా కిందపడలేదు! ఇంగ్లిషులో వరి రైస్, బియ్యం రైస్, అన్నం రైస్. మరీ అడిగితే పాడీ అని ఒకటీ, బ్రోకెన్ రైస్ అని మరొకటీ ఇస్తాడు. మనవాళ్లు పెళ్లిపందిట్లో కూర్చుని 'కొంచెం రైస్ వెయ్యమంటారా?' అంటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. అది వేరే సంగతి.

భోజనం చేశారా అని పలకరించుకునే అలవాటూ ఇద్దరిదీ. వాళ్లు 'కమ్ తిన్నావా, ఇంకా లేదా?' అంటారు. అదీ అన్నమే, అదీ భోజనమే. ఇంగ్లిషులో ఆ ప్రశ్న అడిగితే విందుకి పిలుస్తున్నారేమో అనుకుంటారు.

అక్కడ పిల్లలందరికీ తెలిసిన సవతితల్లి కథ ఒకటుంది. సిండరెల్లా కథకి దగ్గరగా ఉంటుంది. అందులో అక్క పేరు తమ్, సవతి చెల్లి పేరు కామ్. ఇంగ్లిషు అనువాదాల్లో ఆ పేర్లు ఉత్త శబ్దాలు. నోట్సు రాసేవాడు బ్రోకెన్ రైస్, రైస్ బ్రాన్ అని కింద వేస్తాడు. అమెరికా పిల్లవాడికి అవేమిటో తెలీదు. తెలుగులో అక్క నూక, చెల్లి తౌడు! దంపుళ్ల కాలం చూసిన ఏ అమ్మమ్మకైనా ఆ ఇంట్లో పిల్లల విలువ ఎంతో పేరు వినగానే తెలిసిపోతుంది. అనకాపల్లి వైపు నూకరాజులూ, నూకాలమ్మలూ ఉన్న మనకి ఆ పేరు ఎబ్బెట్టుగా కూడా ఉండదు. ఈ కథ నేరుగా తెలుగులోకి వస్తే బంగారం. ఇంగ్లిషు మీదుగా వస్తే అక్కాచెల్లెళ్లకి పేర్లు పోతాయి.

నూకలంటే గుర్తొచ్చింది. 2021 జనవరిలో, బియ్యం ఎగుమతిలో మనకి పోటీదారైన వియత్నాం, దశాబ్దాల తర్వాత మొదటిసారి మన దగ్గర బియ్యం కొంటోందని వార్తలొచ్చాయి. 70 వేల టన్నుల ఒప్పందం. బియ్యం అని మనం చదువుకున్నాం గానీ అవి నూకలు. పశువుల దాణాకీ, బీరు తయారీకీ పనికొచ్చేవి. రైస్ అన్న ఒక్కమాటతో చదివితే 'వియత్నాంలో కరువొచ్చిందా?' అనిపిస్తుంది. నూకలని చదివితే ఆ భయం ఉండదు. ఒక్క మాట తేడాలో వార్త అర్థమే మారిపోయింది.

ఈ వరసలోనే మరో రెండు. పండుని లెక్కపెట్టేటప్పుడు వాళ్లు ముందు ఒక మాట చేరుస్తారు. ఉత్తరాదిలో 'క్వా', దక్షిణాదిలో 'ట్రాయ్'. అదే మాటని గుండెకీ చేరుస్తారు. అంటే గుండె వాళ్లకి ఒక కాయ. మనకి? గుండెకాయ! ఇంగ్లిషు మీదుగా వచ్చేసరికి అది హార్ట్ అయి, తెలుగులో హృదయం అని పట్టుపంచె కట్టుకుని దిగుతుంది. ఇక 'ఞా తోయ్' అంటే మా ఇల్లు. భార్యనో భర్తనో చెప్పడానికీ అదే మాట. 'మా ఇంట్లో ఒప్పుకోవాలండీ' అని ఒక పెద్దాయన అంటే ఎవరు ఒప్పుకోవాలో మనకి ఎవరైనా చెప్పాలా?

సరే, అన్నీ ఇలా అతికినట్టు సరిపోతాయనుకుంటే పొరపాటు. కొన్నిచోట్ల ఆ భాష మనకి పూర్తిగా ఎదురు. మన క్రియ ఒక్కటే ఊరంత సమాచారం మోస్తుంది. 'వచ్చింది' అంటే ఎప్పుడు, ఎవరు, ఎందరు అన్నీ అందులోనే. వాళ్ల క్రియ మారనే మారదు. నిన్నైనా రేపైనా, నేనైనా వాళ్లైనా ఒకటే రూపం. కావాలంటే ముందు 'దా' పెట్టి అయిపోయిందనీ, 'దాంగ్' పెట్టి జరుగుతోందనీ, 'సే' పెట్టి జరగబోతుందనీ చెబుతారు. సందర్భంలో తెలుస్తుందనుకుంటే అదీ మానేస్తారు. అలాంటి వాక్యాన్ని తెలుగు చేసేవాడు వచ్చాడో, వచ్చిందో, వచ్చారో ఏదో ఒకటి తేల్చక తప్పదు. అసలు రాసినవాడు చెప్పని సంగతి మనం చెప్పాల్సి వస్తుంది. మనం మాటల్ని సంధులతో అతికించి రైలుబండి చేస్తాం, వాళ్లు మాటలోని ప్రతి ముక్కనీ విడదీసి రాస్తారు. ఎక్కడ ఒక మాట అయిపోయి రెండోది మొదలైందో ఖాళీలు చూసి చెప్పలేం.

వాళ్ల రాత ఇంగ్లిషు అక్షరాల్లాగే కనిపిస్తుంది, పైనా కిందా గుర్తులతో. 17వ శతాబ్దంలో పోర్చుగీసు, ఫ్రెంచి మిషనరీలు అల్లిన లిపి అది. అలెగ్జాండర్ ద రోడ్స్ అనే ఆయన 1651లో రోములో నిఘంటువు కూడా అచ్చువేశాడు. ఆ గుర్తులు అలంకారాలు కావు. ఇందాక నారుని 'మా' అన్నాను కదా. ఆ 'మా' ని ఆరు రాగాల్లో పలకొచ్చు. ఒక రాగంలో దెయ్యం, ఒకదానిలో అమ్మ, ఒకదానిలో 'కానీ', ఇంకోదానిలో సమాధి, మరోదానిలో గుర్రం, చివరిదానిలో వరినారు. తెలుగు లిపిలో ఆరూ ఒకటే మా. ఙ, ఞ లు ఉన్నాయని ఇందాక మురిసిపోయాం కదా, ఇక్కడ మన లిపి చేతులెత్తేస్తుంది.

గుర్తులు తీసేసి ఉత్త డి, ఏ, యు అని మూడు అక్షరాలు కొట్టారనుకోండి. అది నొప్పి కావచ్చు, తల కావచ్చు, నూనె కావచ్చు, చిక్కుడుగింజలు కావచ్చు, కోడలు కూడా కావచ్చు! తలనొప్పి అని రాయాలంటే అదే మూడక్షరాలు రెండుసార్లు కొట్టాలి. చదివేవాడు కోడలికి నొప్పి అనుకుంటాడో, కోడలే నొప్పి అనుకుంటాడో! మనమేమీ తక్కువ తినలేదు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మెసేజీలు కొడుతున్న పిల్లల్ని చూడండి. ఎమ్, ఏ, ఎన్, డి, యు అని కొడితే అది మందా, మండా? 'మందు వేశాక కడుపు మండుతోంది' అన్నది ఆ రాతలో చదవడం ఒక పరీక్ష.

దక్షిణాది, ఉత్తరాది తేడా కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. 'ఓమ్' అనే మాటకి హనోయిలో జబ్బుపడటం అని అర్థం. హోచిమిన్ సిటీలో సన్నగా ఉండటం అని. ఒకచోట పలకరింపు, ఇంకోచోట పరామర్శ. మణికొండ రైతుబజారు సంచిలో సొరకాయ, ఆనపకాయ, అనిగెపుకాయ ఒకటే అని తెలిసిన మనకి ఇది కొత్తగా ఉండదు.

దగ్గర్లోనే ఒక దారి

ఇంతకీ ఇంగ్లిషు మధ్యలోకి ఎందుకొచ్చింది? ఎవరి కుట్రా కాదు. అనువాద యంత్రానికి నేర్పాలంటే రెండు భాషల్లోనూ ఒకే విషయం ఉన్న వాక్యాలు లక్షల్లో కావాలి. తెలుగు, ఇంగ్లిషు జంటకి అవి ఉన్నాయి. ఇంగ్లిషు, వియత్నామీస్ జంటకి ఇంకా బాగా ఉన్నాయి. తెలుగు, వియత్నామీస్ జంటకి మేత లేదు. గూగుల్ అనువాదంలోకి వియత్నామీస్ 2008లో వచ్చింది, తెలుగు 2011లో వచ్చింది. ఇలాంటి జంటల్ని అప్పట్లో ముందు ఇంగ్లిషులోకి దించి, అక్కణ్నుంచి ఎక్కించేవారు. బాక్ అంకుల్ అయిందీ, అంకుల్ మామయ్య అయిందీ ఆ దారిలోనే. తర్వాత వచ్చిన యంత్రాలు వాక్యాన్ని ఇంగ్లిషులోకి దించకుండా నేరుగా మార్చగలవు. అయినా వాటి చదువులో ఎక్కువ భాగం ఇంగ్లిషే. ఇంగ్లిషు అడగని ప్రశ్న అడగాలన్న అలవాటు వాటికి ఇంకా సరిగ్గా అబ్బలేదు.

మా మణికొండ పక్కనే గచ్చిబౌలిలో 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది. దానితోబాటు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ 'అనుసారక' అనే అనువాద వ్యవస్థ మీద పని జరిగింది. కాన్పూరు ఐఐటీలో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మొదలుపెట్టిన పని అది. తెలుగు, కన్నడం లాంటి భాషల నుంచి హిందీలోకి. అందులోని ఆలోచన నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. యంత్రం నున్నటి వాక్యం రాయక్కర్లేదు, మూలంలో ఉన్న సమాచారం ఒక్కటి కూడా పోకుండా చూడాలి అన్నారు. ఇచ్చే భాషలో ఉన్న తేడా పుచ్చుకునే భాషలో లేకపోతే పక్కన ఒక గుర్తు పెట్టి పంపాలి. చదివేవాడు కొంచెం కష్టపడతాడు, కానీ మోసపోడు. చూడ్డానికి గరుకుగా ఉండటంతో ఆ పద్ధతికి రావాల్సినంత పేరు రాలేదు. జనం నున్నటి అబద్ధాన్ని ఇష్టపడ్డారు.

మా పై అంతస్తు కుర్రాడికి ఇదే చెప్పాను. అతని చేతిలో ఇంగ్లిషు వాక్యం ఉంది, దాని పక్కన ఖాళీ గడి ఉంది. ఆ గడిలో మూడు సంగతులు రాయించమన్నాను. మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఆ 'వుయ్' లో వినేవాడున్నాడా లేడా. రాసిన ఇంజినీరుకి పది సెకన్ల పని. ఆ మూడూ ఉంటే తెలుగు చేసేవాడికీ, వియత్నామీస్ చేసేవాడికీ సగం తలనొప్పి పోతుంది. లెక్కల సంగతీ అందులో కలిపితే ఇంకా మంచిది. వాళ్ల నామవాచకానికి ఏకవచనం, బహువచనం తేడా లేదు. మనకి ఉండటమే కాదు, మనుషులైతే ఇద్దరు, వస్తువులైతే రెండు. అంకె పక్కన వచ్చేది మనిషో వస్తువో తెలీక ఆప్‌లు '1 మంది' అని రాస్తున్నాయి. ఆ 'ఒక మంది'ని చూసి మా ఆవిడ రోజూ నవ్వుకుంటుంది.

శంషాబాద్ నుంచి వియత్నాంకి నేరుగా విమానాలు మొదలయ్యాయి. మనుషులకి నేరుగా దారి దొరికింది. మాటలు మాత్రం ఇంకా లండను మీదుగానే తిరిగొస్తున్నాయి. రెండు భాషలూ తెలిసిన మనుషులు తయారయ్యేదాకా చేయగలిగిన పని ఒకటుంది. మన దగ్గరున్న మాటల్ని ముందు మనం లెక్కరాసి పెట్టుకోవడం. 1962లో భద్రిరాజువారు వ్యవసాయ మాటలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటి తెచ్చారు. ఏ జిల్లాలో దేన్ని ఏమంటారో ఊరూరా తిరిగి ఏరిన మాటలు అవి. ఆ తర్వాత ఎన్ని నాగళ్లు ట్రాక్టర్లయ్యాయో, ఎన్ని దంపుళ్లు మిల్లులయ్యాయో మీకే తెలుసు. నేను పైన రాసిన ఎనిమిది వరి మాటల్లో మీ ఊళ్లో ఏవి వేరే పేరుతో ఉన్నాయో, ఆ ఎనిమిదికీ మధ్య ఇంకేమైనా మాటలున్నాయో ఒక కార్డు మీద రాసి పంపండి. జిల్లా పేరు, ఊరి పేరు మరవకండి. వచ్చే నెల ఇదే పేజీలో అన్నీ కలిపి వేద్దాం.